మూడో వరస

వరసమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. నదీ నియంత్రణ కేంద్రంలో రెండో అంతస్తువాళ్ళు పెట్టిన పేరు. క్యాంటీన్లోకి ఆమె అడుగుపెడితే చాలు, "వరసమ్మ వస్తోంది, లైన్లో సరిగ్గా నిలబడండిరా" అని ఎవడో ఒకడు అనేవాడు. ఆమె కూడా నవ్వి లైన్లో చివర నిలబడేది.

ఆమె పని నిజంగా అదే. నది పొడవునా ఐదు స్టేషన్లు ఉన్నాయి. గేట్లు ఎత్తమనీ దించమనీ వెళ్ళే ఆదేశాలు, నీటిమట్టం కొలిచే యంత్రాలు పంపే అంకెలు, కెమెరాల వీడియోలు, అన్నీ ఒకే దారిలో నడుస్తాయి. ఆ దారిలో ఏది ముందు పోవాలి, ఏది ఆగాలి అనే పట్టిక ఆమె రాస్తుంది. వెనకటి రోజుల్లో ఏ స్టేషన్లో ఉన్న స్విచ్ పెట్టె ఆ స్టేషన్లో వీటన్నిటినీ తనకు తోచినట్టు నడిపించేది. ఇప్పుడు ఆ పెట్టెల సొంత బుద్ధి తీసేసి, పెత్తనమంతా కేంద్రంలో కంట్రోలర్ అనే ఒక్క ప్రోగ్రాముకి అప్పజెప్పారు. కంట్రోలర్ చెప్పింది పెట్టెలు చేస్తాయి. వరసమ్మ రాసింది కంట్రోలర్ చెబుతుంది.

ఆ రోజుకి వాన మొదలై మూడో రోజు. పొద్దున్నే వంతెన దగ్గర రోడ్డు కుంగి, స్టేషన్లకి వెళ్ళే రెండు కేబుళ్ళలో ఒకటి తెగిపోయింది. మొత్తం రెండోదాని మీద పడింది. వరసమ్మ పరుగున వచ్చి చూసుకుంది. గేట్ల ఆదేశాలు పోతున్నాయి, వీడియోలు ఆగకుండా వస్తున్నాయి. హమ్మయ్య అనుకుంది. మధ్యాహ్నం దాకా కుర్చీలోంచి లేవలేదు. రెండూ యాభైకి టీ తెచ్చుకుని ఒక గుక్క తాగిందో లేదో, ఫోన్ మోగింది. వదిన.

ఆమె అన్నయ్య భార్య చివరి ఆనకట్టలో గేట్ల ఇన్‌చార్జి. పంతొమ్మిదేళ్ళుగా అక్కడే. ఇంట్లో వదినా మరదళ్ళు కూర్చుంటే నది మాటలు తప్ప వేరే మాటలుండవనీ, తను పెళ్ళి చేసుకున్నది మనిషినా ఆనకట్టనా తెలియడం లేదనీ అన్నయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని వాపోతుంటాడు.

"ఏమే, మీ స్క్రీన్ మీద నా దగ్గర నీళ్ళెంతున్నాయి?" అంది వదిన.

"హలో అనవా వదినా?"

"హలోలు తర్వాత. ఎంతుందో చెప్పు."

వరసమ్మ చూసింది. "నాలుగు మీటర్ల పది."

"నేను గోడ పక్కనే నిలబడి చూస్తున్నా. ఐదూ ఇరవై."

"గోడ మీది కొలత పట్టీకి చెత్తేమైనా అడ్డుపడిందేమో, ఇంకోసారి…"

"పంతొమ్మిదేళ్ళ నుంచి చూస్తున్న పట్టీ. నాకే చెప్తావా? వాగు నీళ్ళు కలిశాయి. నీ నాలుగూ పది దాటి చాలాసేపయింది. ఇక్కడ నా కాళ్ళకింద గోడ వణుకుతోంటే అక్కడ మీరు నాలుగూ పది అంటారేంటి?"

వరసమ్మ ఆ అంకె మీద నొక్కింది. పక్కన బూడిదరంగులో, ఎవరూ పట్టించుకోనంత చిన్న అక్షరాల్లో సమయం కనబడింది. రెండూ ఇరవై ఏడు. అంటే ఇరవై మూడు నిమిషాల క్రితం అంకె. మిగతా స్టేషన్లవి చూసింది. అన్నీ అంతే. రెండున్నర దగ్గర నది మొత్తం ఆగిపోయినట్టుంది.

క్యూల పేజీ తెరిచింది. మొదటి వరసలో ఏవీ ఆగి లేవు. రెండో వరస కిటకిటలాడుతోంది కానీ కదులుతోంది. మూడో వరసలో నలభై ఒక్క వేల నీటిమట్టాల అంకెలు నిలబడి ఉన్నాయి. కదలడం లేదు.

ఆమె పట్టిక తెరిచి చూసుకుంది.

ఆ మూడో వరస తను రాసిందే. మొదట ఎనిమిది నెలల క్రితం రాసినప్పుడు సరిగ్గానే ఉంది. ముందు గేట్ల ఆదేశాలు, తర్వాత నీటిమట్టాలు, చివర కెమెరాలు. రెండు నెలల క్రితం పై ఆఫీసు నుంచి కొందరు చూడ్డానికి వచ్చారు. వాళ్ళ ఎదురుగా వీడియో రెండుసార్లు ఆగింది. కెమెరాలని పైకి జరపమని మర్నాడే కాగితం వచ్చింది. వరసమ్మ ఆలోచించింది. నీటిమట్టం అంటే చిటికెడు అంకెలు, ఎక్కడ పెట్టినా సందు చూసుకుని దూరిపోతాయి అనుకుంది. పరీక్షించి కూడా చూసింది. ఆ పరీక్షప్పుడు రెండు కేబుళ్ళూ బాగున్నాయి. కెమెరాలని రెండో వరసకి, నీటిమట్టాలని మూడోదానికి మార్చి సంతకం పెట్టేసింది.

ఇవాళ ఉన్నది ఒకే కేబుల్. పైగా వరద అనేసరికి ఉన్న ఆఫీసులన్నీ కెమెరాలు తెరుచుకుని కూర్చున్నాయి. చూసేవాళ్ళు పెరిగేకొద్దీ వీడియో బరువు పెరుగుతుంది. రెండో వరస ఖాళీ అయితేనే మూడోదాని వంతు. రెండోది ఖాళీ అవడం లేదు. నదిని అందరూ చూస్తున్నారు కాబట్టే నది ఎంత పెరిగిందో ఎవరికీ తెలియడం లేదు.

"ఉన్నావా?" అంది వదిన.

"ఉన్నా. వదినా, నువ్వు చెప్పిందే నిజం. మా దగ్గరున్నవి పాత అంకెలు."

"అయితే సైరన్ మోగిస్తున్నా."

"సైరన్‌కి ఇక్కణ్ణుంచి ఆర్డర్ రావాలి కదా."

"ఆర్డర్ నువ్వు తెచ్చి పెట్టు. ఈలోపు నేను మోగించేస్తా." ఫోన్ పెట్టేసింది.

చివరి ఆనకట్టకి దిగువన ఒడ్డు వీధి ఉంది. నలభై ఇళ్ళు, ఒక టైలర్ దుకాణం, రెండంతస్తుల బడి. వరసమ్మ టీ కప్పు ఎక్కడ పెట్టిందో కూడా చూసుకోకుండా లేచి అద్దాల గదిలోకి పరుగెత్తింది.

ఆ గదిలో నీళ్ళ ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. ఎక్కడ ఎన్ని గేట్లు ఎత్తాలో తేల్చేది ఆయనే. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. ఆయన పక్కన పెద్దాయన, అంటే వరసమ్మ పై అధికారి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సార్, మీరు చూస్తున్న మట్టాలు ఇరవై అయిదు నిమిషాల నాటివి. చివరి ఆనకట్టలో నాలుగూ పది కాదు, ఐదూ ఇరవై. వాళ్ళ ఇన్‌చార్జి కళ్ళతో చూసి చెప్పింది."

నీళ్ళ ఇంజనీరు తలెత్తాడు. "మూడున్నరకి పై జలాశయం గేట్లు ఎత్తుతున్నానమ్మా. అక్కడ అంచుదాకా వచ్చింది."

"ఎత్తకండి సార్. కింద చోటు లేదు."

"ఎత్తకపోతే పైకట్ట తెగుతుంది. అప్పుడు కింద చోటుందా లేదా అని అడిగేవాళ్ళు కూడా మిగలరు." ఆయన గొంతు పెంచలేదు. "ఆవిడ మాట నేను కాదనను. కానీ ఆవిడ చూసింది ఒక్కచోట. ఎన్ని గేట్లు ఎంతసేపు ఎత్తాలో తేలాలంటే నాకు ఐదు స్టేషన్లలోనూ కలిపి పద్దెనిమిది చోట్ల అంకెలు కావాలి. వదిలిన నీళ్ళని వెనక్కి పిలవలేను. తెప్పించగలవా?"

"కెమెరాలని కిందికి దింపితే వస్తాయి."

"వద్దు," అన్నాడు పెద్దాయన.

ఆయన మొండివాడు కాదు. ఊరికే అనలేదు. కిందటేడు ఇలాంటి వరదలోనే ఆమెకి ముందున్నతను పట్టిక మార్చబోయాడు. కొత్త పట్టిక ఎక్కేముందు పెట్టె పాతది చెరిపేస్తుంది. చెరిపాక కొత్తది అందలేదు. ఆ పెట్టె ఏ పట్టికా లేకుండా గంటసేపు మూగదైపోయింది, దానికింద గేట్లు ఎవరి మాటా వినలేదు. అప్పట్నుంచి హెచ్చరిక ఉన్నంతసేపు పట్టిక ముట్టుకోకూడదని రూలు పెట్టింది పెద్దాయనే.

"కెమెరాలు చూస్తున్న ఆఫీసులవాళ్ళకి చెప్పి ఆపించండి సార్, అయితే."

"తగ్గించమని చెబుదామని పది నిమిషాల నుంచి చేస్తున్నా. వీడియో తడబడుతోందని నాకు ఫోన్లు చేస్తున్నారు గానీ నా ఫోన్ ఎత్తడం లేదు."

"సార్, మొత్తం పట్టిక మార్చను. నాలుగు స్టేషన్లలో ఒక్క లైను పైన చేరుస్తా. నీటిమట్టాలు కెమెరాలకంటే ముందు పోవాలి, అంతే. ఏదీ చెరిపే పని లేదు."

"ఐదో స్టేషన్?"

"చివరి ఆనకట్టలోది పాత పెట్టె. ఒక్క లైను తీసుకోదు. దానికి మాత్రం మొత్తం చెరిపి రాయాలి. ఎనిమిది సెకన్లు."

"కిందటేడు కూడా ఎనిమిది సెకన్లే అన్నారు."

వాదనలోనే పావుగంట పోయింది. గోడ మీద గడియారం మూడూ ఏడు చూపిస్తోంది.

"ఆ వరస నేను రాసిందే సార్," అంది వరసమ్మ. "నీటిమట్టాలని కిందికి దింపి సంతకం పెట్టింది నేను. తప్పు నాది. దిద్దే అవకాశం మాత్రం మీ చేతుల్లో ఉంది."

పెద్దాయన నీళ్ళ ఇంజనీరు వైపు చూశాడు. నీళ్ళ ఇంజనీరు కాగితం మీద ముందు తను సంతకం గీకి పెన్ను ఆయనకిచ్చాడు. పెద్దాయన సంతకం పెడుతూ, "గేట్లావిడకి చెప్పే చెయ్యి. చెప్పకుండా చెయ్యకు," అన్నాడు.

వరసమ్మ సీటుకొచ్చి వదినకి ఫోన్ చేసింది. అటువైపు సైరన్ మోతకి మాట వినబడటం కష్టంగా ఉంది.

"వదినా, నీ పెట్టెలో పట్టిక మార్చాలి. ఎనిమిది సెకన్లు నీ గేట్లు ఇక్కణ్ణుంచి వినవు. ఎనిమిదే అవుతుందని నేను మాటివ్వలేను."

"ఎన్ని అవ్వచ్చు?"

"కిందటేడు గంట."

"గేట్లు ఎత్తే చేతి చక్రం దగ్గర ఇద్దర్ని నిలబెడతా. నేను పెట్టె దగ్గరుంటా. కానీ తొందరగా కానివ్వు. ఐదూ ముప్పై ఐదు అయింది."

దూరంగా ఉన్న స్టేషన్‌తో మొదలుపెట్టాలి. దగ్గర పెట్టె మొరాయిస్తే దాని అవతలివాళ్ళందరూ తెగిపోతారు. అంటే ముందుగా వదినదే. కొత్త పట్టికని రెండుసార్లు చదువుకుంది. మూడోసారి చదవాలనిపించింది కానీ చదవలేదు. మూడూ పదకొండుకి మీట నొక్కింది.

చివరి స్టేషన్ పేరు పక్కనున్న ఆకుపచ్చ చుక్క బూడిదరంగుకి తిరిగింది. నాలుగు. ఐదు. ఆరు. ఏడు. ఎనిమిది.

బూడిదరంగులోనే ఉంది.

పన్నెండు. ఇరవై. పెద్దాయన వెనక వచ్చి నిలబడ్డ సంగతి ఆయన ఊపిరి వినబడితే తెలిసింది.

"ఏమైంది?" వదిన గొంతు.

"ఆగు."

"చక్రం తిప్పమననా?"

"తిప్పించు. తిప్పించు వదినా."

కంట్రోలర్‌కి వచ్చే సందేశాలు తెరిచి చూసింది. తెర నిండా ఒకే స్టేషన్ నుంచి ప్రశ్నలు. సెకనుకి వేలల్లో. ఇది ఎటు పంపాలి, ఇది ఎటు పంపాలి, ఇది ఎటు పంపాలి. అప్పుడు అర్థమైంది. పట్టిక లేని పెట్టెకి తన దగ్గరికి వచ్చిన ప్రతి ముక్కనీ ఏం చెయ్యాలో తెలియదు. ఒక్కొక్కదానికీ కంట్రోలర్‌ని అడుగుతుంది. అక్కడి కెమెరా ఆగకుండా వీడియో పోస్తోంది. అడగడంతోనే పెట్టె ప్రాణం పోతోంది. చెప్పేది వినే తీరిక దానికి లేదు. కిందటేడు జరిగింది కూడా ఇదేనేమో. అప్పుడు ఎవరూ చూడలేదు.

"వదినా, పెట్టెలోకి వచ్చే కెమెరా కేబుల్ పీకెయ్!"

"ఏది కెమెరాది? ఇక్కడ ఆరున్నాయి. అన్నీ ఒకే రంగు."

వరసమ్మ కళ్ళు మూసుకుంది. ఆ గదికి ఆమె రెండుసార్లు వెళ్ళింది. పెట్టె గుర్తుంది, కేబుళ్ళు గుర్తులేవు. ఆ ఆరింట్లో ఒకటి గేట్లది. అది ఊడితే, పట్టిక ఎక్కినా గేట్లు వినవు.

"కెమెరా గోడకి అవతల కిటికీ పైన ఉంది కదా. ఆ కిటికీ పక్క కన్నంలోంచి లోపలికొచ్చే కేబుల్. చేత్తో పట్టుకుని కిందిదాకా రా. చెయ్యి వదలకు."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. సైరన్. దూరంగా ఎవరో "ఇంకా తిప్పు, ఇంకా" అని అరుస్తున్నారు. ఇనుము కీచుమంటోంది. వరసమ్మ వింటోంది. తెరమీద ప్రశ్నలు పరుగెడుతూనే ఉన్నాయి. మూడూ పద్నాలుగు.

చటుక్కున ప్రశ్నలు ఆగిపోయాయి.

తెర ఖాళీ. ఆమెకి అదేమిటో ఒక క్షణం తెలియలేదు. తర్వాత చుక్క పచ్చబడింది.

"పీకేశా," అంది వదిన, ఆయాసపడుతూ. "సరైనదేనా?"

"సరైనదే."

"అయితే నేను గేట్ల దగ్గరికి పోతున్నా. నువ్వు నీ పని చూసుకో."

మిగతా నాలుగింటికీ ఒక్కో లైను చేర్చడానికి మూడు నిమిషాలు పట్టింది. అవి ఏ పేచీ పెట్టలేదు. మూడూ పద్దెనిమిదికి మూడో వరసలో అప్పటికి తొంభై వేలకి పెరిగిన సంఖ్య కరగడం మొదలైంది. ముప్పై. పన్నెండు. మూడు. అద్దాల గదిలో అంకెలు గబగబా మారుతున్నాయి. చివరి ఆనకట్ట పక్కన నాలుగూ పది కాస్తా నాలుగున్నర అయి, ఐదు దాటి, ఐదూ నలభై ఐదు దగ్గర నిలబడింది. దాని పక్కన సమయం కూడా ఇప్పటిదే.

నీళ్ళ ఇంజనీరు కుర్చీలోంచి లేచిపోయాడు. "మూడున్నరకి పన్నెండు గేట్లు ఎత్తేవాణ్ణి," అన్నాడు ఎవరితోనో కాదు, తనతోనే. తర్వాత కూర్చుని లెక్క వేశాడు. చివరి ఆనకట్ట గేట్లన్నీ ముందు ఎత్తి, పైన నాలుగే ఎత్తి, అరగంట ఆగి ఇంకో మూడు ఎత్తాలని తేల్చాడు. పైకట్ట నిలిచింది. నిలుస్తుందా లేదా అని సాయంత్రం దాకా ఎవరూ కూర్చోలేదు.

ఒడ్డు వీధిలోకి మోకాళ్ళ లోతు నీళ్ళొచ్చాయి. పోయిన ఇరవై అయిదు నిమిషాలు తిరిగి రావు కదా. చివరి గేట్లు ఇంకాస్త ముందే ఎత్తి ఉంటే వీధి తడిసేది కాదని తర్వాత లెక్కలో తేలింది. ముప్పై రెండిళ్ళలోకి నీళ్ళు చేరాయి. మనుషులు మాత్రం అప్పటికే బడి పై అంతస్తులో ఉన్నారు. మూడు కావడానికి ముందే సైరన్ విన్నారు కాబట్టి.

ఆ సైరన్‌కి వదినకి నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా ఎందుకు మోగించారో వారంలోగా చెప్పాలి.

విచారణ సమావేశానికి ముందు పెద్దాయన వరసమ్మని పక్కకి పిలిచాడు. "కెమెరాలని పైకి జరపమని కాగితం పంపింది పైవాళ్ళు. అది చూపించు, చాలు. అంతా నీ నెత్తిన ఎందుకు వేసుకుంటావు?"

"కాగితం కూడా చూపిస్తాను సార్. కానీ ఒక కేబుల్ తెగితే ఏమవుతుందని నేను అడగలేదు. అడిగుంటే వాళ్ళు కూడా వద్దనేవాళ్ళేమో."

విచారణకిచ్చిన వివరణలో అదే రాసింది. ఉన్నదున్నట్టు, తేదీలతో. చివర ఇంకో వాక్యం చేర్చింది: ఆ రోజు నది ఎంతుందో సరిగ్గా తెలిసిన మనిషి ఒక్కరే, ఆమెకే నోటీసు ఇచ్చారు. పెద్దాయన ఆ వాక్యం తీసెయ్యమనలేదు. నీళ్ళ ఇంజనీరు అడక్కుండానే దానికింద తనూ సంతకం పెట్టాడు. నోటీసు వెనక్కి తీసుకున్నారు. మెచ్చుకోలు మాత్రం ఎవరూ పంపలేదు. వరసమ్మకి తన ఒక్క సంతకంతో పట్టిక మార్చే అధికారం పోయింది. ఇకమీదట నీళ్ళవైపు నుంచి ఒకరు చదివి ఒప్పుకోవాలి. అది ఆమెకి తలకొట్టేసినట్టయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు కూడా. రెండు రోజులు పోయాక మాత్రం, ముందునుంచే ఇలా ఉండాల్సిందని తనే పెద్దాయనతో అంది.

వదినతో మాత్రం అంత తేలిగ్గా తెగలేదు. వరద తర్వాత నాలుగు రోజులు వదిన ఫోన్ ఎత్తలేదు. ఐదో రోజు తనే చేసి, "ఒడ్డు వీధికి వెళ్తున్నా, వస్తావా" అంది. అంతే. ఇద్దరూ వెళ్ళారు.

టైలర్ దుకాణం ముందు కుట్టుమిషన్లు ఐదు ఎండలో ఆరబెట్టి ఉన్నాయి. టైలర్ ఒకదాని లోపల బురద గుడ్డతో తుడుస్తున్నాడు. వదినని చూసి నమస్కారం పెట్టాడు. "మీ సైరన్ లేకపోతే మమ్మల్నీ ఇలా ఆరబెట్టాల్సి వచ్చేదమ్మా," అని నవ్వాడు. వదిన మరదల్ని చూపించి, "మా ఆడపడుచు. కేంద్రంలో పని. ఆ రోజు ఆలస్యం వీళ్ళ దగ్గరే," అంది. ముఖం మీదే.

వరసమ్మకి చెవులు వేడెక్కాయి. టైలర్ తుడవడం ఆపి ఆమెని పరీక్షగా చూశాడు.

"ఇంకోసారి ఇంత వాన పడితే?" అన్నాడు.

"మార్చామండీ. ఇప్పుడు ప్రతి వరసకీ ఎంతో కొంత వాటా తప్పకుండా ఉంటుంది. ఎంత రద్దీ ఉన్నా అంకెలు ఆగవు." అని ఊరుకోలేకపోయింది. "ఆగవనే అనుకుంటున్నాం. ఇంకా పరీక్షించలేదు. వచ్చే బుధవారం కావాలనే ఒక కేబుల్ తీసేసి చూస్తాం."

టైలర్ తలూపాడు. నమ్మాడో లేదో తెలియలేదు. "ఈ మిషన్ ఆ పక్క పట్టుకోండమ్మా కాస్త," అన్నాడు. వరసమ్మ వంగి పట్టుకుంది. అనుకున్నదానికంటే చాలా బరువుగా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు వదిన అంది. "బుధవారం నాకు సెలవు."

"మార్చుకో వదినా. పెట్టె దగ్గర నువ్వుండాలి."

"మీ అన్నయ్యతో బయటికి వెళ్తానని చెప్పా."

"నేను చెప్తాలే అన్నయ్యకి."

"చెప్పు, చెప్పు. ఆయన తిట్లు నువ్వే తిను," అంది వదిన. ఆ నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆమె గొంతులో కాస్త నవ్వు వినబడింది.